దుప్పటి చాటు దగ్గు

పెద్ద దుప్పటిని ఒక్క మనిషి మడవడం కుదరదు. మడిచినా అది మడత కాదు, మూట. అందుకే ఆ లాండ్రీలో బల్లకు అటొకరు, ఇటొకరు నిలబడతారు. ఇస్త్రీ రోలర్ లోంచి కాలుతూ వచ్చిన దుప్పటిని చెరో రెండు కొసలూ పట్టుకుని ఒక్కసారి పైకి విసురుతారు. అది గాలి నింపుకుని ఇద్దరి మధ్యా తెల్లటి గోడలా లేస్తుంది. ఆ క్షణంలో ఎదుటి మనిషి కనపడదు. గోడ దిగేలోపల అంచులు కలవాలి, ఇద్దరూ ఒక్క అడుగు ముందుకు రావాలి, చేతులకు చేతులు తగలాలి. మళ్ళీ వెనక్కి, మళ్ళీ ఇంకో దుప్పటి. పొద్దున మొదలుపెడితే సాయంత్రం గంట కొట్టేదాకా ఇదే.

ఎవరి జంట వాళ్ళదే. కొత్త మనిషితో అడుగు కుదరడానికి చాలా రోజులు పడుతుందనీ, అన్ని రోజులూ మడతలు వంకరగా వస్తాయనీ యాజమాన్యం ఒక నియమం పెట్టింది. జంటలో ఒకరు రాకపోతే రెండో మనిషిని కూడా గేటు దగ్గరనుంచే కూలి లేకుండా ఇంటికి పంపేస్తారు. అంటే నీకు జ్వరం వస్తే శిక్ష నీ ఒక్కదానికే కాదు, బల్లకు అవతల నిలబడే మనిషికి కూడా. మనిషికి మనిషిని కట్టి, ఆ కట్టుకు జంట అని ముద్దుపేరు పెట్టారు. ఇనప గొలుసైతే కనీసం కనపడేది, జనం అడిగేవాళ్ళు.

అక్కడ అందరికంటే పాత జంటలో ఒకామెను గుండ్రాయి అంటారు. ఎన్నడూ మంచం పట్టలేదని ఆ పేరు. ఆమెకు ఎదురుగా నిలబడే బక్కపలచటి ఆమెను పిచిక అంటారు. ఏళ్ళ తరబడి ముఖాముఖి నిలబడినా, రోలర్ల రొదలో ఇద్దరూ మనసారా మాట్లాడుకున్నది తక్కువ. ఒకరి అడుగు ఒకరికి తెలుసు, ఇల్లు తెలియదు.

గుండ్రాయి పుట్టుకతో గుండ్రాయి కాదు. చిన్నప్పుడు ఈగ వాలితే పడిపోయేలా ఉండేది. వానలో తడిస్తే దగ్గు, ఎండలో తిరిగితే జ్వరం, రెండూ లేకపోతే కడుపునొప్పి. పెళ్ళిచూపులప్పుడు కూడా ముక్కు తుడుచుకుంటూ కూర్చుందని ఆమె భర్త ఇప్పటికీ నవ్వుతాడు. ఆ మనిషిని రాయిగా మార్చింది అతని అక్క. పిల్లల బడిలో వంట చేసే మనిషి ఆవిడ. తల్లి పోయాక తమ్ముణ్ణి తానే పెంచి, పెళ్ళి చేసి, వాళ్ళతోనే ఉండిపోయింది. కొత్త కోడలు బయటినుంచి వచ్చి నేరుగా గిన్నెలో చెయ్యి పెట్టబోతే మణికట్టు పట్టుకుని ఆపి, కుళాయి దగ్గరికి నడిపించుకెళ్ళి, వేళ్ళ సందుల్లో సబ్బు రుద్దింది.

"నువ్వు పెళ్ళాడింది మా తమ్ముణ్ణి. కాపురం మాత్రం ఈ సబ్బుతో చెయ్యాలి" అంది.

ఆ ఇంట్లో వదిన మాట చట్టం. పొద్దున లేవగానే కిటికీ తెరవాలి, చలైనా సరే. కాసేపు ఎండలో నిలబడాలి. పళ్ళెంలో ఆకుకూర లేనిదే కూర్చోకూడదు. దాహం వేసేదాకా ఆగకుండా నీళ్ళు తాగాలి. వేళకు పడుకోవాలి. చుట్టాలొచ్చి కబుర్లు పెట్టినా, "మీరు మాట్లాడుకోండి, మా మరదలికి నిద్రవేళయింది" అని దీపం తీసేసేది. ఇందులో మంత్రమేమీ లేదు. రోజూ చేసే చిన్న పనులు రోజూ చేయడమే. రెండు మూడేళ్ళకు మరదలి ముక్కు ఆరింది, బుగ్గ నిండింది, దగ్గు దారి మరిచిపోయింది.

అటువంటి వదినకు నిరుడు రక్తంలో జబ్బు బయటపడింది. ఆవిడ తినకూడనిది తినలేదు, కడగకుండా ముట్టలేదు, నిద్ర చెడగొట్టుకోలేదు. అయినా వచ్చింది. ఒళ్ళు బాగా చూసుకుంటే చాలా జబ్బుల్ని ఆపవచ్చు, అన్నిటినీ ఆపలేం. ఈ రెండో మాట చెప్పడానికి మన ప్రచారాల్లో ఎప్పుడూ చోటుండదు.

వైద్యం మొదలైంది. వారం వారం ఆసుపత్రికి వెళ్ళి మందు ఎక్కించుకుని రావాలి. డాక్టరమ్మ గుండ్రాయిని పక్కకు పిలిచి అర్థమయ్యేలా చెప్పింది.

"ఈ మందు జబ్బుతో పాటు ఒంట్లో కాపలా కాసేవాళ్ళని కూడా చంపేస్తుందమ్మా. కొన్నాళ్ళపాటు ఆవిడ ఒళ్ళు తలుపుల్లేని ఇల్లు. మామూలు జలుబు కూడా లోపలికి నడిచొచ్చి కూర్చుంటుంది. మీరే తలుపులు."

గుండ్రాయి తలుపైంది. రెండు గదుల్లో కిటికీ ఉన్న గది వదినకిచ్చింది. పనినుంచి రాగానే గుమ్మం బయటే చెప్పులు విడిచి, పక్కనున్న నీళ్ళగదిలో స్నానం చేసి, ఉతికిన బట్టలు కట్టుకునే లోపలికి అడుగుపెట్టేది. భర్త వ్యాను నడిపి వచ్చి తుమ్మితే, ముక్కులో దుమ్ము పోయిందన్నా వినకుండా, మూతికి గుడ్డ కట్టించేది. ఒకప్పుడు వదిన తనకు నేర్పిన ప్రతి పనీ ఇప్పుడు వదిన కోసం చేసింది. నెలలు గడిచాయి. వదిన జుట్టు రాలింది, నాలుక రుచి పోయింది కానీ ఒక్క జలుబు కూడా ఆ గుమ్మం దాటలేదు. ఇంకా కొన్ని విడతలు మిగిలాయి. అవి గట్టెక్కితే చాలన్నది డాక్టరమ్మ.

ఆ రోజుల్లోనే లాండ్రీలో విషజ్వరాలు తిరిగాయి. జంటలకు జంటలు రాలేదు. ఎందుకు రాలేదో తెలుసుకోవడానికి పెద్ద చదువులు అక్కర్లేదు. ఆ హాలుకు కిటికీలున్నాయి కానీ తెరుచుకోవు. బయటి దుమ్ము దుప్పట్లమీద పడుతుందని ఎప్పుడో మూసి బిగించారు. ఆవిరిలో ఉడికి, చెమటతో తడిసి, గంట కొట్టగానే చలిగాలిలోకి పోవాలి. మరుగుదొడ్డి తాళంచెవి వరుసకు ఒక్కటే. అది అద్దాలగది మేకుకు వేలాడుతుంది. ఆ గదిలో కూర్చునే మేస్త్రీని అడిగి తీసుకోవాలి. ఆయన తాళంచెవి ఇస్తూ గడియారం చూస్తాడు. ఆ చూపు పడలేక ఆడవాళ్ళు నీళ్ళు తాగడం మానేశారు. ఇంతమంది ఒకే గాలి పీల్చి, ఒకరి మొహాన ఒకరు ఊపిరి వదులుతూ, ఎండిన గొంతులతో నిలబడితే జ్వరం రాక ఏమొస్తుంది?

యాజమాన్యం కిటికీ తెరవలేదు, ఆరోగ్య మేడంను పంపింది. సంక్షేమం చూసే చిన్న వయసు అమ్మాయి. మెత్తని మనిషే, మనసులో కల్మషం లేదు. ఎన్నడూ సెలవు పెట్టనిది ఎవరని అడిగితే అందరూ గుండ్రాయిని చూపించారు. మేడం ఆమెను కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, మీ రహస్యం ఏమిటని అడిగింది. తనను ఒకరు కూర్చోబెట్టి అడగడం గుండ్రాయికి అదే మొదటిసారి. చేతులు, నిద్ర, ఎండ, ఆకుకూర, నీళ్ళు, గాలి, వదిన నేర్పినవన్నీ ఒక్కటి వదలకుండా చెప్పింది. మేడం వాటిని కాగితంమీద పేర్చి, చివర ఒక మాట తాను చేర్చి, చదవమని మైకు ముందు పెట్టింది. చేర్చిన మాట ఇది: "ఇవి పాటించేవారి దగ్గరికి జబ్బు రాదు. జబ్బు వచ్చిందంటే ఎక్కడో మనమే నిర్లక్ష్యం చేశామని అర్థం."

చదివేటప్పుడు గొంతు ఒక్క క్షణం ఆగింది. ఆగినచోట మళ్ళీ చదవమన్నారు, చదివింది.

మర్నాటినుంచి జనం లోపలికి వచ్చేవేళ గేటు పైన స్పీకరు పెట్టెలోంచి ఆమె గొంతు వినపడసాగింది. మొదట ఆమెకు గొప్పగానే ఉంది. తర్వాత ఎత్తిపొడుపులు మొదలయ్యాయి. నీళ్ళు బాగా తాగమంటున్నావు, ఆ తాళంచెవి కూడా నీ దగ్గరే ఉందా అని ఒకామె అడిగింది. వేళకు నిద్రపొమ్మంటున్నావు, మా ఇంట్లో అంట్లు ఎవరు తోముతారు, నీ రికార్డా అని ఇంకొకామె. ఇవన్నీ నవ్వుతో పోయేవే. నవ్వుతో పోనిది ఒకటి జరిగింది. ఒంట్లో బాగాలేదని అద్దాలగదికి వెళ్ళినవాళ్ళతో మేస్త్రీ, రోజూ వింటూనే ఉన్నారుగా, ఏం నిర్లక్ష్యం చేశారని అడగడం మొదలుపెట్టాడు. జబ్బు తప్పైపోయింది. తప్పును ఎవరైనా దాచుకుంటారు.

దాచుకోవడానికి వాళ్ళ దగ్గర ఉన్నది దుప్పటే. దగ్గు వస్తే బిగబట్టి, దుప్పటి పైకి లేచిన క్షణంలో, ఆ తెల్లగోడ చాటున దగ్గేసేవారు. రోలర్ల రొదలో చప్పుడు వినపడదు, అద్దాలగదిలోంచి మొహం కనపడదు. ఎవరు కనిపెట్టారో తెలియదు, నాలుగు రోజుల్లో అన్ని బల్లలకూ పాకింది. గాలి నింపుకుని లేచే దుప్పటితో పాటు దగ్గు తిన్నగా ఎదుటి మనిషి మొహాన పడుతుంది. పై అధికారి కంటినుంచి తప్పించుకోవడానికి తోటిమనిషి ఊపిరిలోకి జబ్బును విసరడం, భయం నేర్పిన పని అది. అంత తెలివిగలవాళ్ళూ ఆ పొరపాటు చేశారు, ఎందుకంటే మేస్త్రీ కన్ను పడితే పని ఇవాళే పోతుంది, జబ్బైతే రేపటి సంగతి.

ఒకరోజు దుప్పటి లేచినప్పుడు గుండ్రాయి మొహానికి వెచ్చగా తగిలింది. దిగేసరికి ఎదురుగా పిచిక కళ్ళు ఎర్రగా, నీళ్ళు నిండి ఉన్నాయి. అన్నం వేళ గోడవారగా కూర్చున్నప్పుడు గుండ్రాయి కాస్త ఎడంగా జరిగి, ఇంటికి వెళ్ళిపొమ్మంది.

"నేను వెళ్తే నువ్వూ వెళ్ళాలి కదక్కా."

"వెళ్తాను. ఒకపూట పోతే కొంపలేం మునగవు."

"నీ కొంప మునగదు. ఇప్పటికే ఎన్నిసార్లు రాలేదో నాకు లెక్క చెప్పాడు మేస్త్రీ. ఇంకొక్కసారి రాకపోతే పేరు కొట్టేస్తాడట. మనదంతా తుమ్మితే ఊడే ముక్కక్కా. అందుకే తుమ్మడం లేదు నేను" అని పిచిక నవ్వబోయి దగ్గింది.

ఆ మధ్యాహ్నమంతా గుండ్రాయి దుప్పటి విసిరి తల పక్కకు తిప్పుకుంది. తల తిప్పితే అంచు తప్పుతుంది. అంచు తప్పితే మడత వంకర పోతుంది. రెండుసార్లు వంకరపోయేసరికి మేస్త్రీ లోపలినుంచి అద్దంమీద ఉంగరంతో టకటకా కొట్టాడు. ఆమె తల తిన్నగా పెట్టుకుని, ఊపిరి బిగబట్టి పనిచేసింది. ఎంతసేపు బిగబట్టగలదు? మనిషి తిండి మానవచ్చు, నీళ్ళు మానవచ్చు, ఊపిరి మానలేడు. ఆ ఊపిరి ఎవరి చేతుల్లో ఉందన్నదే అసలు సంగతి.

రెండు రోజులకు గొంతులో ముల్లు గుచ్చుకున్నట్టయింది. సాయంత్రానికి ఒళ్ళు కాలింది. ఇంటికి వచ్చి చెప్పులు విడిచి, అలవాటుగా నీళ్ళగది తలుపు మీద చెయ్యి వేసి ఆగిపోయింది. బట్టల్ని ఉతకవచ్చు, చేతుల్ని కడగవచ్చు, ఊపిరిని ఏ సబ్బుతో కడగాలి? వెనక్కి వచ్చి, వీధివైపు ఉన్న వదిన గది కిటికీకి దూరంగా నిలబడి పిలిచింది. లోపలికి రాననీ, మెట్లకింద సామాను గదిలో పడుకుంటాననీ, పళ్ళెం బయట పెట్టించమనీ చెప్పింది.

వదిన ఊచలు పట్టుకుని బయటికి చూసింది. నున్నటి తలమీద గుడ్డ కట్టుకుని ఉంది.

"అంత గుండ్రాయివి, నీకెట్లా వచ్చిందే?"

గుండ్రాయి పిచిక సంగతి చెప్పింది. దుప్పటి చాటు దగ్గుల సంగతి చెప్పింది. కిటికీకి దూరంగా నిలబడి గొంతు పెంచి మాట్లాడాల్సి రావడంతో ప్రతి మాటకూ దగ్గు అడ్డం పడింది. వాళ్ళెందుకు దాస్తున్నారని వదిన అడిగింది. గుండ్రాయి తలవంచుకుని, తాను మైకులో చదివిన చివరి మాట చెప్పింది. అంతకుముందు మంచి అలవాట్ల గురించి చెప్పానని మాత్రమే ఇంట్లో చెప్పింది, ఆ మాట దాచేసింది.

ఎదురింటివాళ్ళు ఆరేసిన బట్టలు తీసుకుని లోపలికి వెళ్ళారు. వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు.

"ఆ లెక్కన నేనేం నిర్లక్ష్యం చేశానో చెప్పు మరదలా. తెలిస్తే సరిదిద్దుకుంటాను."

వదిన గొంతులో కోపం లేకపోవడమే గుండ్రాయిని ఎక్కువ బాధించింది.

మర్నాడు తాను పనికి వెళ్ళకపోతే పిచికనూ గేటునుంచే పంపేస్తారు, పేరు కొట్టెయ్యడానికి మేస్త్రీకి ఆ సాకు చాలు. వెళితే జ్వరం దిగదు, దిగేదాకా ఇంట్లోకి పోకూడదు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. జ్వరంతోనే వెళ్ళింది. గేటు దగ్గర పెట్టెలోంచి ఆమె గొంతు గంటలా మోగుతోంది. కింద నడిచి వస్తున్న మనిషికి మాట పెగలడం లేదు. ఆ చివరి మాట వచ్చేసరికి వెనకనుంచి ఎవరో కిసుక్కున నవ్వారు.

ముందు ఆరోగ్య మేడం దగ్గరికి వెళ్ళింది. గుమ్మం బయటే నిలబడి, ఆ చివరి మాట తీసెయ్యమని అడిగింది, తనకూ జ్వరమేనని చెప్పింది. మేడం మొహం పాలిపోయింది. కుర్చీలోంచి లేచి అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించింది. మీరే పడిపోయారంటే ఇక ఎవరు వింటారు, పై వాళ్ళకు నేనేం చెప్పుకోను అని బతిమాలింది. ఒక మాత్ర ఇచ్చి, రెండు రోజులు ఎవరికీ చెప్పకండి అంది. పాపం ఆ పిల్ల కూడా ఎవరో తిప్పుతున్న రోలర్ కిందే ఉంది. కానీ రోలర్ కింద ఉన్న దుప్పటికి ఇంకో దుప్పటి మీద జాలి పడే తీరిక ఉండదు.

అద్దాలగదిలో జవాబు ఇంకా పొట్టిగా ఉంది. నువ్వు గుండ్రాయివి, రాయికి జ్వరమేమిటి, వెళ్ళి బల్ల దగ్గర నిలబడు అన్నాడు మేస్త్రీ. ఆమెకు జబ్బు చేసే హక్కు కూడా లేదు. మిగతావాళ్ళు సెలవు పోగొట్టుకున్నారు, ఆమె ఒంటినే పోగొట్టుకుంది.

అలా రోజులు నడిచాయి. పగలు తెరుచుకోని కిటికీల మధ్య, సాయంత్రం మెట్లకింద పాత కుర్చీల మధ్య. ఆ గదిలో కాళ్ళు చాపితే తల గోడకు తగిలేది. విశ్రాంతి తీసుకుంటే దిగిపోయే జ్వరం, పనిలో నలిగి ముదిరింది. వదిన మాత్రం కిటికీలోంచి అజమాయిషీ మానలేదు. నీళ్ళు తాగావా, తాగినట్టు గ్లాసు చూపించు, పండు తొక్కతో తిన్నావా, ఆ గది తలుపు తెరిచి పెట్టు, గాలి రానీ అని కేకలేసేది. ఆకుకూర వేసిన పళ్ళెం భర్త తెచ్చి మెట్టుమీద పెట్టి వెనక్కి జరిగేవాడు. మీ అక్కకు మందు మానేసి నాకు ఎక్కిస్తే సరిపోయేది, అంత హడావుడి చేస్తోంది అని గుండ్రాయి నవ్వింది. అతను నవ్వలేదు.

మందు ఎక్కించుకునే రోజు వచ్చింది. ఆ పొద్దున వదిన వ్యాను ఎక్కుతూ, దూరంగా నిలబడ్డ మరదలితో మామూలుగానే అంది.

"ఆసుపత్రిలో పరిచేది మీ దుప్పట్లే. మడత చూసి గుర్తుపడతాను. నీ మడత అయితే నిద్ర పడుతుంది నాకు."

ఆ రోజు బల్లమీదికి వచ్చిన కట్టలు ఆ ఆసుపత్రివే. మూలన నీలం దారంతో గుర్తు కుట్టి ఉంది. మొదటిది పట్టుకుని విసిరారు. గోడ లేచింది. అవతలినుంచి పిచిక దగ్గు వినపడింది. ఆ బట్టమీద చిన్న తడి మచ్చ పడి, వేడికి చూస్తుండగానే ఆరిపోయింది. గుండ్రాయికి లోపలినుంచి దగ్గు తన్నుకొచ్చింది. కొసలు ఇంకా పైకి ఎత్తితే ఎవరికీ కనపడదు.

ఆమె ఎత్తలేదు. చేతులు వదిలేసింది. దుప్పటి సగం బల్లమీద, సగం నేలమీద పడింది. నేల తాకిన దుప్పటి మళ్ళీ ఉతుక్కి పోవాలి. ఆ హాలులో అంతకంటే పెద్ద నేరం లేదు. ఆమె పక్కకు తిరిగి, మోచేతి మడతలో మొహం పెట్టుకుని, అందరూ చూస్తుండగా కడుపారా దగ్గింది. ఉంగరం అద్దంమీద టకటకలాడింది. ఆమె ఆ అద్దంవైపు నడిచి, బొంగురు గొంతుతో ఒక్కో మాటే కూడదీసుకుని చెప్పింది.

"నాకు జ్వరం. నా జంటకూ జ్వరమే. ఇవి రోగుల కిందికి పోయే దుప్పట్లు. మేం ఏ నిర్లక్ష్యమూ చెయ్యలేదు. ఒకరి మొహాన ఒకరం ఊపిరి వదలడమే మీరు మాకిచ్చిన పని."

రోలర్ తిరుగుతూనే ఉంది. దూరపు బల్ల దగ్గర ఒక ముసలామె కొసలు దింపి, బాహాటంగా దగ్గింది. ఇంకో బల్ల దగ్గర ఇద్దరు ఒకరి మొహం ఒకరు చూసుకుని ఆగారు. మిగతావాళ్ళు దుప్పట్లు ఇంకాస్త పైకి ఎత్తారు. వాళ్ళను తప్పుపట్టడానికి మనమెవరం? ఊడిపోయేది వాళ్ళ ముక్కు.

మేస్త్రీ ఇద్దరినీ గేటుదాకా పంపించాడు. గుండ్రాయిని తగ్గాక రమ్మన్నాడు. ఆమె గొంతు గేటుమీద ఉంది కాబట్టి ఆమెను వదులుకోలేరు. పిచిక పేరు అక్కడికక్కడే కొట్టేశాడు.

గేటు బయట పిచిక అరవలేదు. అరిచేంత ఊపిరి లేదు.

"నీ ఇంట్లో వదిన ఉంది, అందరికీ తెలుసు. నా ఇంట్లో ఎవరున్నారో ఎప్పుడైనా అడిగావా? నా జ్వరం గురించి చెప్పడానికి నువ్వెవరు?"

అంటూనే నడిచి వెళ్ళిపోయింది.

గుండ్రాయి మెట్లకింద గదిలో పడుకుంది. ఇన్నాళ్ళకు ఎవరూ లేపని నిద్ర దొరికింది. జ్వరం దిగింది, దగ్గు ఆలస్యంగా వదిలింది. డాక్టరమ్మ ఇక ఫరవాలేదన్నాకే గుమ్మం దాటింది. వదినకు ఏమీ కాలేదు. ఆ విడత కూడా గట్టెక్కింది. ఏ ఒక్కదాని కోసం ఇన్ని పాట్లు పడిందో అది నిలిచింది. కానీ లోపలికి వచ్చి వదిన పక్కన కూర్చున్నా ఆమెకు ఊపిరాడలేదు. తాను తలుపు వేసుకుని ఇంకొకరిని బయట నిలబెట్టినట్టనిపించింది.

ఆరోగ్య మేడం ఇంటికి వచ్చింది. ఎర్రబడ్డ ముక్కుకు చేతిగుడ్డ అడ్డం పెట్టుకుని, మాటమాటకూ తుమ్ముతోంది. గుండ్రాయి గుమ్మంలోనే ఆపేసింది. కొత్త జంటను ఇస్తామన్నారని, జబ్బునుంచి ఎలా కోలుకోవాలో ఒక కొత్త రికార్డు చేద్దామని మేడం చెప్పుకొచ్చింది. లోపలినుంచి వదిన ఆ తుమ్ములు వింటోంది.

"పాపం, ఆ అమ్మాయి ఏం నిర్లక్ష్యం చేసిందో అడుగు మరదలా" అంది.

మేడం సిగ్గుపడి నేలచూపులు చూసింది. గుండ్రాయికి జాలేసింది. వేడినీళ్ళు తాగి రెండు రోజులు పడుకొమ్మనీ, పడుకోనివ్వకపోతే ఆ మాటే పైవాళ్ళకు చెప్పమనీ అంది. తనకు కొత్త జంట వద్దంది. జంటలో ఒకరు లేకపోతే రెండోవారిని రానివ్వకూడదన్నది మీరు రాసిన నియమమే, పిచిక లేదు కాబట్టి నన్నూ రానివ్వకండి అంది. కనుక్కుని చెబుతానని వెళ్ళిన మేడం మళ్ళీ రాలేదు.

అప్పుడు గుండ్రాయి పిచిక ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళింది. ఏళ్ళ తరబడి చేతులకు చేతులు తగిలిన మనిషి ఉండే వీధిని దారినపోయేవాళ్ళను అడిగి తెలుసుకోవాల్సి వచ్చింది. ఒక పాత మేడ వెనక, మెట్లు దిగి వెళ్ళాలి. ఒకటే గది. కిటికీ ఉండాల్సిన చోట పక్కింటి గోడ. కిందినుంచి నడుం ఎత్తుదాకా తేమ పాకి, సున్నం పెచ్చులు లేచి ఉంది. తలుపు కొద్దిగా తెరుచుకుంది. పిచిక భుజంమీద మూడేళ్ళ పాప. పాప రొమ్ము ఎగిరెగిరి పడుతోంది. ఒక్కో ఊపిరికీ పిల్లనగ్రోవి ఊదినట్టు సన్నటి చప్పుడు.

"నీ దగ్గు పూర్తిగా తగ్గిందా?" అని అడిగింది పిచిక.

"తగ్గింది."

"అయినా అక్కడే ఉండు. లోపలికి రాకు."

గుండ్రాయి పైమెట్టు మీదికి వెనక్కి జరిగి నిలబడింది. ఆ మాటలోని ప్రతి అక్షరం ఆమెకు తెలిసిందే. తన గుమ్మంలో ఇన్ని నెలలుగా తాను అన్నదే. పిచిక పనికి రాని రోజులన్నీ ఈ ఊపిరికి కాపలా కాసిన రోజులని ఇప్పుడర్థమైంది. రెండు ఇళ్ళలో ఇద్దరు కాపలావాళ్ళు, ఒకే బల్లకు అటూ ఇటూ నిలబడి, ఒకరి జబ్బును ఒకరికి చేరవేశారు. వాళ్ళను ఎదురెదురుగా నిలబెట్టినవాళ్ళు అద్దం వెనక మంచి గాలి పీల్చారు.

పిచిక పాప వీపుమీద అరచేత్తో మెల్లగా నిమురుతోంది.

"నన్ను అడగకుండా నా మాట చెప్పావు. ఈసారి నోరు తెరిచేముందు నన్నడగాలి."

"అడుగుతాను."

"అయితే అడుగు."

గుండ్రాయి గొంతు సవరించుకోబోయి, పాపవైపు చూసి మానుకుంది. తల పక్కకు తిప్పి, మెల్లగా అడిగింది.

"రేపు ఇద్దరం కలిసి గేటు దగ్గరికి వెళ్దామా? రానిస్తే ఇద్దర్నీ రానివ్వాలి, లేదంటే ఇద్దరం అక్కడే నిలబడదాం."

పిచిక పాపను ఈ భుజంమీదనుంచి ఆ భుజంమీదికి మార్చుకుంది. చెవి దగ్గరికి తెచ్చుకుని ఆ సన్నటి చప్పుడు కాసేపు విన్నది.

"దీని ఆయాసం తగ్గనీ అక్కా" అంది. "అప్పుడొస్తాను."